ఎమ్మార్వో ఆఫీసు నుంచి బైండోవర్ నోటీసు వచ్చింది, తహసీల్దారు కూడా మేజిస్ట్రేటేనా?

కొబ్బరాకు_22

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో గోదావరి పాయకు ఆనుకుని ఉన్న ఊరు. నేను కువైట్‌లో డ్రైవర్‌గా చేస్తున్నా, సెలవు మీద వచ్చి మూడు వారాలైంది, ఇంకో నెలలో తిరిగి వెళ్లిపోవాలి. మా కొబ్బరితోటలోకి వెళ్లే దారి మా బాబాయి తోట గట్టు మీదుగా ఉంటుంది, తాతగారి రోజుల నుంచీ అదే దారి. ఈమధ్య బాబాయి దానికి అడ్డంగా కంచె వేయించాడు. కాయల దింపులకి వచ్చినవాళ్లు కంచె చూసి వెనక్కి వెళ్లిపోయారు. నాన్న వెళ్లి అడిగితే మాటా మాటా పెరిగింది, నేను మధ్యలోకి వెళ్లా, కోపంలో కంచె కర్ర ఒకటి పీకేశా. అది నిజమే, దాచను. ఎవరి మీదా చెయ్యి మాత్రం చేసుకోలేదు.

బాబాయి స్టేషన్‌కి వెళ్లాడు, మేమూ వెళ్లాం. ఎస్సైగారు ఇద్దరికీ చీవాట్లు పెట్టి పంపేశారు, అయిపోయింది అనుకున్నాం. నాలుగు రోజుల తర్వాత కానిస్టేబుల్ ఇంటికొచ్చి కాగితం ఇచ్చి సంతకం తీసుకెళ్లాడు. పైన "మండల ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు వారి కోర్టు" అని ఉంది, కింద సంతకం చూస్తే మా తహసీల్దారుగారిది! సెక్షన్ 126 అంట. ఏ పార్టీ నేనూ నాన్న, బీ పార్టీ బాబాయి, ఆయన కొడుకు. వచ్చే సోమవారం వచ్చి, ఏడాది పాటు గొడవ పడకుండా ఉంటామని రూ.50 వేలకి బాండు ఎందుకు రాయకూడదో చెప్పుకోవాలట.

పాస్‌బుక్కులూ కుల ధ్రువీకరణ పత్రాలూ ఇచ్చే ఆఫీసు కోర్టెప్పుడైంది? ఈయన నన్ను జైల్లో పెట్టగలరా? నా మీద క్రిమినల్ కేసు ఉన్నట్టా ఇప్పుడు? మరి ఎలాగూ మేజిస్ట్రేటే కదా, ఆ దారి మాదేనని ఆయనే తేల్చేయొచ్చుగా? నాన్నకి బీపీ, నాకు వీసా టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

ఆవకాయ_బ్యాచ్

బ్రో, బైండోవర్ అంటే రౌడీషీట్ తెరిచినట్టే. మా ఊళ్లో సంక్రాంతి ముందు కోడిపందేల వాళ్లని ఇలాగే లైన్లో ఎమ్మార్వో దగ్గరకి తీసుకెళ్తారు. వీసా సంగతి మర్చిపో ఇంక.

పాత_ఫిర్కా

పై మిత్రుడి మాట విని నిద్ర పాడుచేసుకోకండి బాబూ. నేను రెవెన్యూలో 34 ఏళ్లు చేసి డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయినవాణ్ణి, ఈ బైండోవర్ కాగితాలు వందల్లో టైపు చేయించాను. రౌడీషీటు పోలీసులు తమ స్టేషన్లో తెరుచుకునేది, అది వేరే వ్యవహారం, దీనికీ దానికీ ముడి పెట్టకండి.

మేజిస్ట్రేట్లు రెండు రకాలు. కోర్టులో నల్లకోటు వేసుకుని కూర్చునే ఆయన జ్యుడీషియల్ మేజిస్ట్రేటు, ఆయన పైన ఉన్నది హైకోర్టు. మా తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టరు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లు, వాళ్లకి ఆ అధికారం ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. తహసీల్దారు మండలానికి, ఆర్డీవో డివిజన్‌కి, కలెక్టరు జిల్లాకి. కలెక్టర్ని జిల్లా మేజిస్ట్రేటు అంటారు, పెద్ద ఉత్తర్వుల కింద ఆ హోదాతోనే సంతకం ఉంటుంది, మనం చూసీ చూడనట్టు వదిలేస్తాం అంతే.

వెనకటికి ఇవన్నీ కలిసే ఉండేవి. శిస్తు వసూలు చేసే తహసీల్దారే చిన్నచిన్న నేరాలు విచారించి శిక్ష వేసిన కాలం ఉంది, అంటే పట్టుకునేవాడి పై అధికారే తీర్పు చెప్పేవాడన్నమాట. రాజ్యాంగంలో 50వ అధికరణం అది విడదీయమంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక దేశమంతటా గీత గీసినట్టు వేరయ్యాయి. నేరం విచారించి శిక్ష వేయడం కోర్టుకి పోయింది. గొడవ జరక్కుండా చూసే పని రెవెన్యూ దగ్గర మిగిలింది. మన తూర్పు గోదావరిలో అయితే కళ్లకి కూడా వేరుగానే కనిపించేది, కలెక్టరు కాకినాడలో, జిల్లా జడ్జి రాజమండ్రిలో. ఫైలు పట్టుకుని ఈ రెండూళ్ల మధ్య నేను తిరిగిన బస్సుల లెక్క తీస్తే ఓ పుస్తకం అవుతుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక ఈ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు పని మండలానికి దిగింది. అప్పటి ఎమ్మార్వో ఇప్పుడు తహసీల్దారు, జనం నోట్లో మాత్రం ఇంకా ఎమ్మార్వోయే.

మీకొచ్చింది పాత "నూట ఏడు" కేసు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాక నంబరు 126 అయింది, సరుకు అదే. ఇందులో మీరు నేరం చేశారని ఎవరూ అనడం లేదు. ఇకముందు చేసే ప్రమాదం ఉందని పోలీసులు నివేదిక ఇచ్చారు, అందుకని హామీ అడుగుతున్నారు. బాండు గడువు ఏడాది దాటకూడదు. రూ.50 వేలు ఇప్పుడు కట్టేది కాదు, మాట తప్పితే కట్టాల్సింది.

ఒక్క మాట మొహమాటం లేకుండా చెబుతా, మా ఆఫీసుల్లో ఇది చాలాసార్లు మొక్కుబడిగా నడుస్తుంది. వరసగా నిలబెట్టి, అచ్చయిన కాగితం మీద పేర్లు నింపి, సంతకాలు పెట్టించి పంపేస్తారు. చదవకుండా పెట్టకండి. అలాగని అక్కడ గొంతు పెంచకండి, అలా పెంచితే పోలీసుల రిపోర్టు నిజమేనని మీరే సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

ఆవకాయ బాబూ, కోడిపందేల వాళ్ల సంగతి కూడా ఇంచుమించు ఇలాంటిదే. పండగ ముందు వాళ్లని 126 కిందో, అలవాటుగా చేసేవాళ్లయితే 129 కిందో తెస్తారు, రెండోదానికి మూడేళ్ల దాకా బాండు అడగొచ్చు. పండగ రోజుల్లో పెట్టే "144" కూడా మా ఎగ్జిక్యూటివ్ వాళ్ల ఉత్తర్వే, ఇప్పుడది 163, మామూలుగా రెండు నెలలకి మించి నిలవదు. పందెం ఆడుతూ దొరికినవాణ్ణి విచారించి జరిమానా వేసేది మాత్రం కోర్టు మేజిస్ట్రేటు.

ఆవకాయ_బ్యాచ్

సారీ బ్రో, విన్నది చెప్పా 🙏

నల్లకోటు_జూనియర్

పాత_ఫిర్కా గారు బాగా చెప్పారు. నేను ప్రాక్టీసు మొదలుపెట్టి ఆరేళ్లు, క్రిమినల్, సివిల్ రెండూ చూస్తా. మిగతాది చెబుతా.

ముందు మీ చేతిలో కాగితం ఇంకోసారి చదవండి. 130 సెక్షన్ ప్రకారం ఆ ఉత్తర్వులో పోలీసులిచ్చిన సమాచారం సారాంశం ఉండాలి, బాండు ఎంత, ఎంతకాలం, జామీనుదారులు ఎందరు అన్నదీ ఉండాలి. సమన్లతో పాటు ఆ ఉత్తర్వు నకలు కూడా మీకు అందాలి. చాలా కాగితాల్లో "శాంతిభద్రతలకు భంగం కలిగే అవకాశం ఉన్నందున" అని ఒక్క వాక్యం తప్ప ఏమీ ఉండదు, ఎప్పుడు ఎక్కడ ఏం జరిగిందో రాయరు. అలాంటిదైతే గట్టిగా అభ్యంతరం పెట్టొచ్చు.

రెండో సంగతి, వెళ్లగానే బాండు రాసి తీరాలని ఏమీ లేదు. నేను ఒప్పుకోను, విచారణ జరపండి అనవచ్చు. అప్పుడు ఆ సమాచారం నిజమో కాదో ఆయన విచారించాలి, సాక్షుల్ని పిలవాలి, మీరు వాళ్లని ప్రశ్నించొచ్చు. ఆరు నెలల్లో పూర్తి కాకపోతే, ప్రత్యేక కారణాలు రాసి పొడిగిస్తే తప్ప, ఆ ప్రొసీడింగ్స్ అక్కడితో ఆగిపోతాయి. విచారణ సాగుతుండగా తాత్కాలిక బాండు అడగొచ్చు గానీ విచారణ మొదలుపెట్టకుండానే అడగడం కుదరదు, 1970లో మధు లిమాయే కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి ఈ విషయం తేల్చింది. చివరికి బాండు ఇవ్వాలని ఉత్తర్వు వస్తే దాని మీద సెషన్స్ కోర్టుకి అప్పీలు ఉంది.

అయితే పోరాడమనే చెబుతున్నానా అంటే, మీ విషయంలో కాదు. మీకు నెల రోజులే టైముంది, కర్ర పీకానని మీరే అంటున్నారు. అవతలివాళ్లు కూడా అదే బాండు రాస్తున్నప్పుడు చదువుకుని రాసేయడంలో నష్టం పెద్దగా లేదు. కాకపోతే బాండు ఉన్నంతకాలం జాగ్రత్త. ఉల్లంఘిస్తే సొమ్ము కట్టించుకోవడమే కాదు, మిగిలిన గడువు జైలుకి పంపే దారి కూడా చట్టంలో ఉంది. మీరు కువైట్‌లో ఉండగా నాన్నగారు ఒక్కరే ఇక్కడ ఉంటారు, నాకు భయం అల్లా ఆ ఏడాది గురించే.

పాస్‌పోర్టు, వీసా ఫారాల్లో అడిగేది చాలావరకు నేరారోపణ గురించో శిక్ష గురించో. ఇది రెండూ కాదు. అయినా ప్రశ్న ఎలా అడిగారో చదివి నిజం రాయండి, దాచిపెట్టి దొరికిపోవడం అసలు విషయం కంటే ప్రమాదం.

ఇక కోర్టు మేజిస్ట్రేటు గురించి కూడా ఓ మాట. మన మున్సిఫ్ కోర్టు అని పెద్దవాళ్లు ఇంకా అంటారే, అక్కడ చాలాచోట్ల ఒకే జడ్జిగారికి రెండు కుర్చీలు. ఆస్తి దావా పిలిచినప్పుడు ఆయన జూనియర్ సివిల్ జడ్జి, క్రిమినల్ కేసు పిలిచినప్పుడు ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు. మనిషి మారడు, బెంచి మారదు, కట్ట మాత్రం మారుతుంది. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల దాకా జరిమానా వేయగలరు, పాత చట్టంలో జరిమానా రూ.10 వేలే. కొత్తగా సమాజసేవ శిక్ష కూడా వచ్చింది. చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు అయితే ఏడేళ్ల దాకా. హత్యలాంటివి సెషన్స్ కోర్టువే, కానీ ఆ కేసు కూడా మొదట మేజిస్ట్రేటు గుమ్మం తొక్కాల్సిందే. అరెస్టు చేసినవాణ్ణి ప్రయాణం టైము తీసేసి 24 గంటల్లో ఆయన ముందు పెట్టాలి. ఆదివారమైతే ఇంటికే తీసుకెళ్తారు, లుంగీ మీద ఉన్న జడ్జిగారు చొక్కా వేసుకొచ్చి వరండాలో రిమాండు రిపోర్టు చదవడం నేను రెండుసార్లు చూశా. అక్కడ "నిన్ను కొట్టారా?" అని అడుగుతారు చూడండి, ఆ ఒక్క ప్రశ్నకి భయపడకుండా జవాబు చెప్పమని నా క్లయింట్లకి ముందే చెప్పి పంపిస్తా. స్టేషన్లో ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి రాసి, అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో ఈ మేజిస్ట్రేటు దగ్గరకే వెళ్లొచ్చు, 175(3) కింద దర్యాప్తుకి ఆదేశించొచ్చు. భార్యాపిల్లల మనోవర్తి, గృహహింస కేసు, చెక్ బౌన్స్, అన్నీ ఆయన దగ్గరే. పని భారం చెప్పక్కర్లేదు.

దారి సంగతి రేపు రాస్తా, వాయిదా ఉంది.

చెరువుగట్టు

నాది పశ్చిమ డెల్టా, రొయ్యల చెరువులు. ఈ ఇద్దరు మేజిస్ట్రేట్లనీ ఒకే ఏడాదిలో చూసిన అదృష్టవంతుణ్ణి నేను. లీజు చెరువు దగ్గర యజమాని కొడుకులకీ నాకూ తేడా వచ్చింది, గట్టు మీద మనుషుల్ని దింపారు, నేనూ దింపా. పోలీసుల రిపోర్టు మీద పాత 145 (స్వాధీనం తగాదాల సెక్షన్) పెట్టారు, ఇప్పుడు 164 అనుకుంటా. అందులో నేల ఒక్కటే కాదండోయ్, నీళ్లు, చేపల చెరువు, పంట, అన్నీ వస్తాయి.

అక్కడ నేను రిజిస్ట్రేషన్ కాగితాలు, లీజు అగ్రిమెంటు సంచీడు పట్టుకెళ్లా. అధికారి ఆప్యాయంగానే చెప్పారు, "ఎవరి హక్కు అన్నది నాకు అక్కర్లేదయ్యా, గొడవ నాటికి ఎవరి స్వాధీనంలో ఉంది అన్నదే చూస్తా" అని. నాకు కరెంటు బిల్లులు, మేత బిల్లులు, ఏరేటర్ల దగ్గర కాపలావాడి జీతం పుస్తకం పనికొచ్చాయి, లీజు కాగితం కంటే ఎక్కువ. ఈలోగా చెరువు జప్తు చేసి, దాన్ని చూసుకోడానికి రిసీవర్ని పెడతారన్న మాట కూడా వినిపించింది. రొయ్య వాయిదాలు ఆగదు కదా, కౌంటు చూసుకుని పట్టుబడి చేయాల్సిన రోజుల్లో నేను ఫైలు చుట్టూ తిరిగా. చివరికి స్వాధీనం నాదే అన్నారు, కానీ అప్పటికి వచ్చిన నష్టం ఎవరిస్తారు, ఎవరూ ఇవ్వరు.

దాని దెబ్బకి మేత డీలర్‌కిచ్చిన చెక్కు బౌన్స్ అయ్యి కోర్టు మేజిస్ట్రేటు దగ్గర తేలా. దానికి రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా అని విన్నాక అన్నం సహించలేదు. లోక్ అదాలత్‌లో వాయిదాల మీద కట్టేట్టు రాజీ పడ్డాం. తమ్ముడూ, నా మాట వింటే దారి కోసం బాబాయితో ఆఫీసుల చుట్టూ తిరక్కండి, ఊళ్లోనే పెద్దమనుషుల్లో పెట్టుకోండి.

నల్లకోటు_జూనియర్

చెరువుగట్టు గారూ, పెద్దమనుషుల మాట మంచిదే, కానీ అది కాగితం కాదు. రేపు బాబాయిగారి కొడుకు నేను ఒప్పుకోలేదంటే మళ్లీ మొదటికొస్తుంది.

దారి గురించి. తహసీల్దారు 126 కింద దారి ఎవరిదో తేల్చలేరు, ఆ నోటీసులో దారి హక్కు ఊసే ఉండదు. ఒకరి నేల మీదుగా నడిచే హక్కు, బోదె నీళ్లు తెచ్చుకునే హక్కు, ఇలాంటివాటికి 166 అని వేరే సెక్షన్ ఉంది, పాత 147. పంట బోదెల గొడవల్లో పనికొచ్చేది అదే. రోజూ వాడుకునే దారైతే పోలీసు రిపోర్టు అందిన రోజుకి ముందు మూడు నెలల్లో వాడి ఉండాలి, ఏదో ఒక సీజన్లోనే వాడేదైతే కిందటి సీజన్లో వాడి ఉండాలి. మీ దింపులవాళ్లు చివరిసారి ఎప్పుడు ఆ గట్టు మీదుగా కాయలు మోశారో తేదీ రాసి పెట్టుకోండి, కొన్న వ్యాపారి దగ్గర చిట్టా ఉంటే ఇంకా మంచిది. అదీ తాత్కాలిక శాంతి కోసమే. శాశ్వతంగా తేల్చేది సివిల్ కోర్టు. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం 20 ఏళ్లు అడ్డు లేకుండా, హక్కుగా నడిచిన దారికి హక్కు వస్తుంది. తోటలోకి వేరే దారే లేకపోతే, పైగా ఒకే ఆస్తి పంచుకున్న అన్నదమ్ములైతే, అవసరాన్ని బట్టి కూడా వస్తుంది. పంపకాల దస్తావేజులో దారి గురించి ఒక్క ముక్క ఉందేమో ముందు అది వెతకండి.

నా సలహా అడిగితే దావా కంటే ముందు మండల న్యాయ సేవా కమిటీలో అర్జీ పెట్టండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేయించుకోవచ్చు. దాన్ని కోర్టు డిక్రీలాగే చూస్తారు, దాని మీద అప్పీలు లేదు. పెద్దమనుషుల్ని అక్కడికే తీసుకెళ్లండి.

పాత_ఫిర్కా

ఆయ్, అది బాగుంది. మా రోజుల్లో చాలామంది తహసీల్దార్లు ముందు సర్వే రాళ్లు చూడనిచ్చి, తర్వాత బాండు రాయించేవారు. కొలత తేలితే సగం కోపం దిగిపోయేది. అది చట్టంలో ఎక్కడా లేదు, అలవాటు.

కొబ్బరాకు_22

అందరికీ థాంక్స్ అండి. సోమవారం వెళ్లాం. మేజిస్ట్రేటుగారు లేరు! గోదావరికి వరద వస్తోందని లంకల్లో పడవలు, పునరావాస కేంద్రాలు చూడ్డానికి వెళ్లారంట. ఆ ఆఫీసు వరండాలో ఒకే బెంచీ, ఒక చివర నాన్న, ఒక చివర బాబాయి, మధ్యలో నేనూ బాబాయి కొడుకూ, రెండు గంటలు. బాబాయి నాతోనే అన్నాడు, "మీ నాన్న పొద్దుటి మాత్ర వేసుకున్నాడా" అని. నాన్న విననట్టు కూర్చున్నారు. కంచె గురించి ఎవరూ ఎత్తలేదు.

వాయిదా పడింది. కొత్త తేదీ నా ఫ్లైట్ తర్వాత మూడో రోజు. కాగితంలో కారణం మీరన్నట్టే ఒక్క వాక్యం ఉంది. పంపకాల దస్తావేజు నాన్న బీరువాలో దొరికింది, 1991ది, అందులో "నడక దారి ఉమ్మడి" అని ఉంది, ఎంత వెడల్పో రాయలేదు. ఇప్పుడు నేను లేకపోతే వారంట్ వస్తుందా? టికెట్ మార్చుకోవాలా?

నల్లకోటు_జూనియర్

మార్చక్కర్లేదు, కానీ చెప్పకుండా వెళ్లకండి. 134 కింద స్వయంగా హాజరు కాకుండా వకీలు ద్వారా హాజరయ్యేందుకు ఆయన అనుమతి ఇవ్వొచ్చు, దానికి తగిన కారణం చూపించాలి. వెళ్లే ముందే పిటిషన్ వేయండి, టికెట్ నకలు, వీసా నకలు, ఉద్యోగం కాగితం జత చేయండి, వకాలత్ మీద సంతకం పెట్టి వెళ్లండి. ఆఫీసులో ఇచ్చినట్టు రసీదు ముద్ర తీసుకోండి, అది మర్చిపోవద్దు.

"నడక దారి ఉమ్మడి" అన్నది బంగారం లాంటి మాట. వెడల్పు లేదన్నారు కదా, అర్జీలో అదొక్కటే అడగండి, కావడి మోసే మనిషి పట్టేంత అని రాయాలో ట్రాక్టర్ పట్టేంత అని రాయాలో నాన్నగారినీ బాబాయిగారినీ కూర్చోబెట్టి మీరున్నప్పుడే తేల్చుకోండి.